వింత భవనాలు: ఆ వింత అడిగింది స్థలమా, యజమానా?

మీ ప్రశ్న చూశాను. నెట్‌లో తిరిగే వింత భవనాల ఫోటోల్లోంచి మూడు ఏరి పెట్టారు. కొండగోడకు అతుక్కున్న ఒక గుడి, నడుము మధ్యలోంచి హైవే దూసుకుపోతున్న ఒక ఆఫీసు బిల్డింగు, అచ్చం బుట్టలాగే ఉన్న ఇంకో ఆఫీసు. ఇవి ఎలా నిలబడ్డాయి, ఇందులో అసలు ఇంజనీరింగ్ ఎంత, పబ్లిసిటీ ఎంత, కాలేజీ సెమినార్‌కి ఒకటి తీసుకోవాలంటే ఏది తీసుకోవాలి అని అడిగారు.

ముప్పై ఏళ్ళుగా స్ట్రక్చరల్ డిజైన్ చేస్తున్నాను. అందులో సగం కాలం పాత బిల్డింగుల రిపేర్లకే పోయింది. ఆ అనుభవంతో చెప్తున్నాను, మీ మూడు ఫోటోలూ ఒక జాతివి కావు. ఎలా నిలబడింది అని అడిగే ముందు ఈ వింత ఎవరడిగారు అని అడగండి. మొదటి రెండింట్లో అడిగింది స్థలం, మూడోదాంట్లో యజమాని. స్థలం అడిగినప్పుడు ఇంజనీరుకి వేరే దారి ఉండదు, కాబట్టి అనవసరమైన హంగులు చేరవు. యజమాని ముచ్చటపడి అడిగితే ఆ ముచ్చట ఖర్చు కట్టిన రోజుతో తీరదు, తర్వాత మెయింటెనెన్స్ చూసేవాళ్ళు ఏటా కడుతూనే ఉంటారు. ఈ గీత అన్నిచోట్లా నిలవదు, కింద నేనే రెండుమూడు సార్లు దాటుతాను. కానీ మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

హైవే బిల్డింగు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఫోటో అందరినీ మోసం చేసేది అక్కడే. అది జపాన్‌లో ఒసాకా నగరంలోని గేట్ టవర్ బిల్డింగ్, 16 అంతస్తులు, 1992లో పూర్తయింది. స్థలం మీద హక్కున్నవాళ్ళు అక్కడ కొత్త బిల్డింగు కట్టుకుంటామన్నారు. అదే స్థలం మీదుగా హైవే పోవాలని రోడ్డు సంస్థ ప్లాన్ గీసింది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. కొన్నేళ్ళు మంతనాలు నడిచాక ఇద్దరమూ ఉందామని తేల్చుకున్నారు. 5, 6, 7 అంతస్తులు ఉండాల్సిన చోటు రోడ్డుకి పోయింది. లిఫ్టు 4 దాటితే మళ్ళీ 8లోనే ఆగుతుంది. కింద అద్దెకున్నవాళ్ళ పేర్ల బోర్డులో ఆ మూడు అంతస్తులకీ హైవే సంస్థ పేరే రాసి ఉంటుంది.

ఫోటోలో చూస్తే రోడ్డు బరువంతా బిల్డింగు మోస్తున్నట్టు ఉంటుంది. నిజానికి రోడ్డు దాన్ని ఎక్కడా తాకదు. రోడ్డు పిల్లర్లు రోడ్డువి, బిల్డింగు పిల్లర్లు బిల్డింగువి, మధ్యలో ఖాళీ. తాకితే ఏమవుతుంది? రోజంతా పోయే బండ్ల అదురు గోడల్లోకి ఎక్కుతుంది. భూకంపం వస్తే ఇంకా కష్టం, రోడ్డు ఊగే తీరు వేరు, బిల్డింగు ఊగే తీరు వేరు, రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. చైనాలో చోంగ్‌చింగ్ నగరంలోని లిజిబా స్టేషన్ దగ్గర 19 అంతస్తుల అపార్ట్‌మెంటులోంచి మోనోరైలు పోతుంది చూడండి, అక్కడా సూత్రం ఇదే. ఒకే ఇంట్లో ఉంటూ వంట వేరుగా పెట్టుకున్న అన్నదమ్ముల్లాంటివి ఆ రెండు కట్టడాలూ.

స్థలం పెట్టిన షరతు ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే నేను ఎప్పుడూ చెప్పేది న్యూయార్క్‌లోని సిటీకార్ప్ సెంటర్ గురించే. 59 అంతస్తులు, 1977లో తెరిచారు. ఆ స్థలంలో ఒక మూల సెయింట్ పీటర్స్ అనే చర్చి ఉండేది. స్థలం ఇస్తాం, కానీ మా మూలలో మాకు కొత్త చర్చి కట్టివ్వాలి, మీ పిల్లర్లేవీ దాంట్లోంచి పోకూడదు అని చర్చి వాళ్ళు షరతు పెట్టారు. దాంతో మామూలుగా నాలుగు మూలల్లో రావాల్సిన పిల్లర్లు నాలుగు పక్కల మధ్యకి జరిగాయి. తొమ్మిది అంతస్తుల ఎత్తున్న నాలుగు కాళ్ళ మీద, మధ్యలో లిఫ్టులుండే గట్టి నడిమి కట్టడం, అంటే కోర్, సాయంతో, మూలలన్నీ గాల్లో ఉన్న బిల్డింగు అది. విలియం లెమెసూరియర్ అనే ఇంజనీరు మూలల బరువును బ్రేసులనే పెద్ద పెద్ద ఏటవాలు స్టీలు దూలాలతో పక్కల మధ్యకి లాక్కొచ్చాడు. కాగితం మీద చూస్తే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపించే డిజైన్.

కానీ మూలన పిల్లరు లేని బిల్డింగుకి మూలగా వచ్చే గాలి ప్రమాదం. అప్పటి నిబంధనలు ఎదురుగా కొట్టే గాలికే లెక్క చూడమనేవి. పైగా ఆ బ్రేసుల జాయింట్లు వెల్డింగ్ చేయాల్సింది పోయి, పనిలోకి వచ్చేసరికి బోల్టులుగా మారాయి. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో లెమెసూరియర్‌కి 1978లో, జనం లోపలికి వచ్చి కూర్చున్నాక తెలిసింది. ఒక విద్యార్థి నుంచి వచ్చిన ప్రశ్న కూడా ఆయన్ని మళ్ళీ లెక్కల్లోకి నెట్టింది. ఊగకుండా ఆపడానికి పైన డ్యాంపర్ అనే 400 టన్నుల బరువు దిమ్మ ఉంది కానీ అది కరెంటు మీద నడిచేది, గట్టి తుపానులో ముందు పోయేదే కరెంటు. ఆయన దాచలేదు, వెళ్ళి యజమానులకు చెప్పాడు. సాయంత్రం ఉద్యోగులు ఇళ్ళకు పోయాక వెల్డర్లు వచ్చేవాళ్ళు, రాత్రంతా ఆ బోల్టు జాయింట్ల మీద రెండంగుళాల మందం స్టీలు ప్లేట్లు అతికేవాళ్ళు, పొద్దున్నే శుభ్రం చేసి పోయేవాళ్ళు. సరిగ్గా అప్పుడే న్యూయార్క్ పత్రికలు సమ్మెలో ఉన్నాయి. సంగతి 1995 దాకా జనానికి తెలియనే లేదు. ఆయన ధైర్యాన్ని మెచ్చుకునేవాళ్ళున్నారు, ఆ రహస్యాన్ని తప్పుపట్టేవాళ్ళూ ఉన్నారు. నేను రెండో వైపే కొంచెం మొగ్గుతాను, చుట్టుపక్కల ఇళ్ళల్లో నిద్రపోతున్నవాళ్ళకి చెప్పి ఉండాల్సింది.

ఇక మీ కొండ గుడి. చైనాలోని షాన్‌షీ రాష్ట్రంలో హెంగ్ కొండ దగ్గరుంది, వేలాడే గుడి అంటారు. మొదట కట్టింది క్రీ.శ. 491 ప్రాంతంలో, తర్వాత చాలాసార్లు బాగుచేశారు. కింద సన్నగా, పొడుగ్గా కనిపించే కర్ర స్తంభాలే దాన్ని మోస్తున్నాయని అందరూ అనుకుంటారు. అసలు బరువు మోసేవి రాతిలో తొలిచిన రంధ్రాల్లోకి దిగ్గొట్టిన దూలాలు. గోడకి మేకు కొట్టి సంచి తగిలించడం అందరికీ తెలిసిందే కదా. మేకు బయటికి ఎంత ఉందన్నది కంటికి కనిపిస్తుంది, లోపలికి ఎంత దిగిందన్నదే సంచిని ఆపుతుంది. మీరు క్లాసులో కాంటిలివర్ అని చదువుకునేది దీన్నే.

ఆ చోటే ఎందుకు? లోయలో కింద ఏరు, వరదొస్తే నేల మీద కట్టిందేదీ మిగలదు. పైన కొండ ముందుకి పొడుచుకొచ్చి గొడుగులా ఉంటుంది, వానా ఎండా నేరుగా తగలవు. కర్రతో కట్టింది ఇన్ని శతాబ్దాలు నిలిచిందంటే సగం పుణ్యం ఆ గొడుగుదే. ఫోటోలో ప్రమాదంగా కనిపించే ఆ చోటు, ఆ లోయ మొత్తంలో దానికి క్షేమమైన చోటు.

కాంటిలివర్ మాట వచ్చింది కాబట్టి ఫాలింగ్‌వాటర్ గురించి చెప్పకుండా ఉండలేను. అమెరికాలో పెన్సిల్వేనియాలో, ఒక జలపాతం మీద ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఇల్లు, 1935 నాటి డిజైన్. ఇల్లుగలాయన కాఫ్‌మన్ జలపాతం కనిపించేలా ఇల్లు కావాలనుకున్నాడు, రైట్ ఇంటిని తీసుకెళ్ళి జలపాతం నెత్తినే పెట్టాడు. పెద్ద హాలు, దాని టెర్రస్ కలిసి నీటి మీదకి దాదాపు నాలుగున్నర మీటర్లు చాచుకుని ఉంటాయి. బీములలో స్టీలు చాలదని ఇంజనీర్లు భయపడి, రైట్‌కి చెప్పకుండా కొంత ఎక్కువ వేశారు. తెలిసి ఆయన మండిపడ్డాడు. కాంక్రీటు గట్టిపడేదాకా కింద పెట్టిన ఆధారం, సెంట్రింగ్, తీయగానే స్లాబ్ అంగుళంన్నరకు పైగా కుంగింది. అక్కడితో ఆగలేదు. కాంక్రీటు బరువు కింద ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది, దాన్నే క్రీప్ అంటాం. 1990ల నాటికి అంచు కొన్నిచోట్ల 7 అంగుళాల దాకా దిగిపోయింది. 2002లో బీముల పక్కన స్టీలు కేబుళ్ళు వేసి బిగించి, ఇంకా కుంగకుండా ఆపారు. ఉన్న కుంగును సరిచేయలేదు, అదలాగే వదిలేశారు. నేను ముందు గీసిన గీత ఇక్కడ చెరిగిపోతుంది. స్థలం అందమైనదే, కానీ అది ఏమీ అడగలేదు, అడిగింది రైట్ పంతం. అయినా ఆ ఇల్లంటే నాకు ఇష్టమే. ఆ భయపడ్డ ఇంజనీర్లంటే ఇంకా ఇష్టం.

స్థలం అడిగినవాటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది అంటార్కిటికాలో బ్రిటన్ వాళ్ళ హాలీ పరిశోధన కేంద్రం. అది నేల మీద లేదు, సముద్రంలోకి చాచుకుని తేలే మంచు పలక మీద ఉంది. ఏటా మంచు పడుతుంది, కరగదు, పేరుకుంటుంది. 1956లో మొదలుపెట్టిన తొలి కేంద్రంతో కలిపి నాలుగు ఒకదాని తర్వాత ఒకటి మంచులో కూరుకుపోయాయి. ఐదోదాన్ని స్టీలు కాళ్ళ మీద పెట్టి ఏటా పైకి ఎత్తుతూ వచ్చారు. కానీ ఆ పలక సముద్రం వైపు జారుతూ ఉంటుంది, కాళ్ళు పాతుకుంటే దాంతోపాటు పోవాల్సిందే. అందుకే ఆరోదానికి హైడ్రాలిక్ కాళ్ళూ, వాటి కింద పెద్ద పెద్ద స్కీలూ పెట్టారు. ఎనిమిది డబ్బాల లాంటి గదులు, రైలు బోగీల్లా విడదీసి ట్రాక్టర్లతో లాక్కుపోవచ్చు. చూస్తే సైన్స్ ఫిక్షన్ సినిమా సెట్‌లా ఉంటుంది, కానీ అందులో షోకు కోసం పెట్టిందేదీ లేదు. మంచులో పగులు దగ్గరికొస్తోందని 2016, 17 మధ్య దాన్ని విడదీసి 23 కిలోమీటర్లు లోపలికి జరిపారు. 2023 జనవరిలో ఆ పగులు పూర్తయి, పలకలో పెద్ద ముక్క విరిగి సముద్రంలో కొట్టుకుపోయింది. కేంద్రానికి ఏమీ కాలేదు.

వార్సాలో రెండు బిల్డింగుల మధ్య సందులో దూర్చిన కెరెట్ హౌస్ గురించి ఒక్క మాట. 2012లో కట్టారు. బాగా వెడల్పున్న చోట 152 సెంటీమీటర్లు, సన్నని చోట 92. అక్కడి చట్టం దాన్ని ఇల్లుగా ఒప్పుకోదు, కళాఖండంగా అనుమతిచ్చారు. సరదాగా ఉంటుంది, సెమినార్‌కి చాలదు.

బుట్ట దగ్గరికి వద్దాం. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని న్యూఆర్క్‌లో ఉంది. బుట్టలు అల్లి అమ్మే లాంగబర్గర్ కంపెనీ తన ఆఫీసునే తన సరుకులా ఏడు అంతస్తుల్లో 1997లో కట్టించుకుంది. లోపల మామూలు ఆఫీసే. బయట ఆ అల్లిక తొడుగు, పైన రెండు పిడులు. నన్నడిగితే అందులో ఇంజనీరింగ్ ఉన్నది పిడుల్లోనే. వాటి మీద మంచు గడ్డకట్టి కింద ఉన్న అద్దాల కప్పు మీద పడకుండా, వాటిని వేడిచేసే ఏర్పాటు చేశారు. చూశారా, బుట్టకి పిడి ఉండాలి అన్న ఒక్క ముచ్చట కోసం చలికాలమంతా కరెంటు ఖర్చు. 2016కల్లా కంపెనీ అందులోంచి ఖాళీ చేసింది. ఆ తర్వాత దాన్ని ఎవరు కొనాలి? మామూలు బిల్డింగయితే బ్యాంకైనా ఆస్పత్రైనా వచ్చి చేరుతుంది. బుట్టలో చేరాలంటే బుట్టలే అమ్మాలి.

ఇలాంటివాటికి ఆర్కిటెక్టుల భాషలో బాతు అని పేరుంది. న్యూయార్క్ దగ్గర 1931లో ఒక బాతుల రైతు బాతు ఆకారంలో కొట్టు కట్టి, అందులో బాతులూ గుడ్లూ అమ్మాడు. దాని కళ్ళు పాత ఫోర్డు కారు వెనక లైట్లు. రాబర్ట్ వెంచూరి, డెనిస్ స్కాట్ బ్రౌన్ అనే జంట దాన్ని చూసి, ఆకారమే బోర్డయిపోయిన బిల్డింగులన్నిటినీ బాతులు అన్నారు. మీ సార్లు ఈ మాట వాడితే తెల్లమొహం వేయకండి.

అయితే ముచ్చటపడి కట్టినవన్నీ బుట్టలు కావు. సిడ్నీ ఒపేరా హౌస్ తీసుకోండి. 1957లో ఆర్కిటెక్టు జోర్న్ ఉట్సన్ తాను గీసిన బొమ్మతో పోటీ గెలిచాడు, ఆ గవ్వల్లాంటి కప్పుల్ని ఎలా కట్టాలో అప్పటికి ఎవరికీ తెలియదు. ఒక్కో కప్పు ఒక్కో వంపు అయితే ప్రతి ముక్కకీ కొత్త అచ్చు కావాలి, అది ఎప్పటికీ తెమలదు. 1961లో తేలిన చిట్కా చాలా తేలికైనది: అన్ని కప్పుల్నీ ఒకే గోళం మీంచి కోసుకుంటే సరి. నారింజ తొక్కని ఎక్కడ ఎలా ఒలిచినా వంపు ఒకటే కదా. అప్పుడు అవే అచ్చుల్లో ముక్కలు మళ్ళీ మళ్ళీ పోసుకోవచ్చు, టైల్స్ కూడా అంతే. అయినా 70 లక్షల డాలర్ల అంచనా చివరికి 10 కోట్లు దాటింది, తెరిచేసరికి 1973 వచ్చింది, ఉట్సన్ మధ్యలోనే, 1966లో వెళ్ళిపోయాడు. ప్రాగ్‌లోని డ్యాన్సింగ్ హౌస్‌ది దీనికి పూర్తిగా ఎదురు దారి. 1996లో పూర్తయిన ఆ చిన్న బిల్డింగు ముఖానికి 99 కాంక్రీటు ప్యానెళ్ళు, ఏ రెండూ ఒకేలా ఉండవు. చిన్నది కాబట్టి చెల్లింది.

రోటర్‌డామ్‌లో 1984 నాటి క్యూబ్ ఇళ్ళు ఉన్నాయి. పీట్ బ్లోమ్ అనే ఆయన ఇంటిని పాచికలా మూల మీద నిలబెట్టాడు. ఒక్కో ఇల్లు ఒక్కో చెట్టు, అన్నీ కలిస్తే అడవి అన్నది ఆయన ఊహ. బయటినుంచి ముద్దొస్తాయి. లోపల గోడలన్నీ వాలు, చోటులో దాదాపు నాలుగో వంతు వాడుకోవడానికి పనికిరాదు. బీరువా గోడకి ఆనదు. అక్కడ ఇష్టపడి ఉంటున్నవాళ్ళు ఉన్నారు, నా వల్ల మాత్రం కాదు.

ఆకారం చుట్టుపక్కలవాళ్ళకీ తగులుతుంది. లండన్‌లో 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ అనే ఎత్తైన బిల్డింగు ముఖం లోపలికి వంగిన అద్దం. 2013లో పని సాగుతుండగా ఆ వంపు ఎండని ఒకచోటికి చేర్చి, కింద రోడ్డు పక్కన ఆపిన కారు భాగాల్ని మెత్తబరిచి వంచేసింది. తర్వాత అద్దాల ముందు రెక్కలు బిగించారు. లాస్ ఏంజిలిస్‌లోని డిస్నీ కాన్సర్ట్ హాల్‌కీ ఇదే తంటా, మెరిసే స్టీలు రేకుల్ని కొన్నిచోట్ల రుద్ది మసకబార్చాల్సి వచ్చింది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చిన ప్రతివాడికీ తెలిసిన సంగతి అంత పెద్ద ఆఫీసుల్లో ఎవరికీ తట్టకపోవడం చూసి నవ్వుకున్నాను, కానీ ఎక్కువసేపు నవ్వలేకపోయాను.

ఎందుకంటే నా ఖాతాలోనూ ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పూల రేకుల్లా విచ్చుకునే కప్పున్న ఒక సభామందిరానికి పనిచేశాను. బెండింగ్ మూమెంట్లు, అంటే బరువు కప్పుని ఎంత వంచుతుందన్న లెక్కలు, మూడుసార్లు చూశాను, స్టీలు సరిపోయింది, ఇప్పటికీ ఒక్క పగులు లేదు. రెండు రేకులు కలిసే లోయలో నీళ్ళు ఎటు పోవాలన్నది మాత్రం డ్రాయింగుల్లో ఎవరి పనీ కాలేదు. ఆర్కిటెక్టు నాదనుకోలేదు, నేను నాదనుకోలేదు. తొలి వానకి స్టేజి మీద బకెట్లు పెట్టారు. అప్పటినుంచి వంపుల బిల్డింగు ఏది చూసినా నా చూపు ముందు జాయింట్ల మీదికే పోతుంది. వింత ఆకారాలు కూలిపోవడం అరుదు, కారడమే ఎక్కువ.

ఒరిగిన బిల్డింగులు మీరు అడగలేదు కానీ సెమినార్లో ఎవరో ఒకరు అడుగుతారు. పీసా గోపురం ఒరగాలని ఎవరూ అనుకోలేదు. 1173లో మొదలుపెట్టారు, కింద మెత్తటి నేల, మూడో అంతస్తుకే ఒరిగింది. యుద్ధాల వల్ల పని దశాబ్దాలు ఆగడం దానికి కలిసొచ్చింది, ఈలోగా నేల కొంత గట్టిపడింది. 1990లో జనాన్ని ఆపి, ఎత్తుగా ఉన్న వైపు కింద మట్టిని కొంచెం కొంచెంగా తీసి, 2001కల్లా దాదాపు అర మీటరు వెనక్కి తెచ్చారు. పూర్తిగా నిటారుగా నిలబెట్టాలని ఎవరూ కోరలేదు, ఆ ఊరివాళ్ళు అసలు ఒప్పుకోరు. అబుదాబీలో క్యాపిటల్ గేట్ మాత్రం కావాలని 18 డిగ్రీలు ఒరిగేలా కట్టింది. దాని కోర్‌ని ముందు ఎదురు వైపుకి కాస్త వంచి పోశారు, పైన అంతస్తుల బరువు పడేకొద్దీ నిటారుకి వస్తుంది.

సరే, సెమినార్‌కి ఏది? మీ మూడు ఫోటోల్లోంచే కావాలంటే ఒసాకా బిల్డింగు తీసుకోండి, నిలువు కోత డ్రాయింగు ఒక్కటి బోర్డు మీద గీస్తే సగం పని అయిపోతుంది. బరువు నేలకి ఏ దారిన చేరుతుందో ఎర్ర గీతతో చూపించండి, రోడ్డుకి ఒకటి, బిల్డింగుకి ఒకటి. రెండు గీతలు ఎక్కడా కలవకపోవడమే మీరు చెప్పాల్సింది.

నన్ను ఎంచుకోమంటే ఇంగ్లండ్ దక్షిణ తీరాన, సముద్రం మధ్యలో ఎడిస్టోన్ రాళ్ళ మీద లైట్‌హౌస్‌ని ఎంచుకుంటాను. ఆటుపోట్లకి మునిగి తేలే రాయి మీద 1698లో హెన్రీ విన్‌స్టాన్లీ మొదటిది వెలిగించాడు. 1703 మహా తుపాను దాన్ని మొత్తం ఊడ్చుకుపోయింది, ఆ రాత్రి ఆయన కూడా లోపలే ఉన్నాడు. రెండోది కర్రది, 1755లో తగలబడింది. మూడోదాన్ని జాన్ స్మీటన్ 1759లో పూర్తిచేశాడు. ఓక్ చెట్టు మొదలు చూసి, కింద వెడల్పుగా, పైకి సన్నబడేలా ఆకారం తీసుకున్నాడు. రాళ్ళని ఒకదానిలో ఒకటి కొక్కెం పడేలా చెక్కించాడు, అల కొడితే ఒక్క రాయి ఊడదు, ఊడాలంటే వరుస మొత్తం కదలాలి. నీళ్ళలోనూ గట్టిపడే సున్నం కోసం రకరకాల సున్నపురాళ్ళు తెప్పించి పరీక్షలు చేశాడు. తర్వాతి సిమెంటు కథ ఆ పరీక్షల నుంచే కదిలింది.

ఆ కట్టడం నూట ఇరవై ఏళ్ళు పనిచేసింది. పెద్ద అలకి ఊగుతోందని చూస్తే పగిలింది కట్టడం కాదు, దాని కింద ఉన్న రాయి. పక్క రాయి మీద 1882లో కొత్తది కట్టి, స్మీటన్ గోపురం పైభాగాన్ని రాయి రాయిగా విప్పి ప్లిమత్ ఒడ్డుకి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు, ఇప్పుడు టికెట్టు కొని ఎక్కొచ్చు. కింది భాగాన్ని మాత్రం అక్కడే వదిలేశారు, ఆ రాళ్ళ కొక్కేలు అంత గట్టివి. కొత్త లైట్‌హౌస్ పక్కన ఆ మొండెం సముద్రంలో ఇప్పటికీ నిలబడే ఉంది. డ్రాయింగులు దొరకడం కష్టం కాదు. రాళ్ళ వరుస ఒకటి అట్టముక్కతో కోసి పట్టుకెళ్ళండి, క్లాసులో చేతికిచ్చి విడదీయమనండి.